జీర్ణవస్త్ర పరిరక్షణ: నెల్లూరు తీరపు వ్రాతపని పటాలు – ఒక పరిశీలన

అమరసింహుడు మనుష్యవర్గంలో జీర్ణవస్త్రానికి 'పటచ్చరం' అని ఒక ప్రత్యేకపదాన్ని చెప్పాడు. శూద్రవర్గంలో కుట్టుపనివానికి 'తున్నవాయుడు', 'సౌచికుడు' అని రెండు పేర్లు ఇచ్చాడు. సౌచికుడన్న పేరు సూచిని, అంటే సూదిని బట్టి వచ్చింది. తున్నవాయ శబ్దం అంతకంటె ఆలోచింపదగినది. 'తున్న' అంటే తెగినది, గాయపడినది, 'వాయుడు' నేసేవాడు. తెగినదానిని తిరిగి నేసేవాడు తున్నవాయుడు. చిరుగు మాన్పడమంటే నేతపనిని మళ్ళీ ఆరంభించడమే అన్న భావన ఈ సమాసంలో ఉన్నది.

తెలుగులో ఈ పనికి అతుకు, మాసిక, రఫ్పు అన్న మూడు మాటలు వాడుకలో ఉన్నాయి. అతుకు రెండు ముక్కలను కలుపుతుంది. మాసిక చిరుగును కప్పుతుంది. పార్శీ నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చిన రఫ్పు పోయిన పడుగు పేకలను దారంతో మళ్ళీ అల్లుతుంది. తున్నవాయుని పనికి సరియైన తెలుగు మాట నిజానికి ఇదే. ఈ మూడింటి ప్రయోజనం ఒక్కటే. గుడ్డ మళ్ళీ కట్టుకోవడానికో, కప్పుకోవడానికో పనికిరావాలి. కట్టుకోవడానికి కాక, చదువుకోవడానికి మిగిలిన గుడ్డను ఏమి చేయాలన్న ప్రశ్నకు ఈ మూడు మాటలలో సమాధానం లేదు. ఆ ప్రశ్నను నెల్లూరు తీరానికి, దాని పరిసరాలకు చెందిన పాత పటాలను ఆధారంగా చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక ఆక్షేపాన్ని గమనించాలి. జీర్ణవస్త్రాన్ని కాపాడటం మన సంప్రదాయమేనా? భగవద్గీత రెండవ అధ్యాయంలో దేహికి దేహాంతరప్రాప్తిని చెప్పడానికి తీసుకున్న ఉపమానం జీర్ణవస్త్ర పరిత్యాగమే. పాతగుడ్డను విడిచిపెట్టడం అందరికీ తెలిసిన సహజకార్యం కావడం వల్లనే అది ఉపమానంగా నిలిచింది. మనుస్మృతి నాలుగవ అధ్యాయంలోని స్నాతకధర్మాలలో, శక్తి ఉన్నప్పుడు జీర్ణమలిన వస్త్రాలు ధరింపరాదని ఉన్నది. ఆలయాలలో దేవునికి కట్టిన వస్త్రం కొంతకాలానికి శేషవస్త్రమై భక్తుల చేతికి పోతుంది, భాండాగారంలో పోగుపడదు. ఆగమాలు జీర్ణోద్ధారాన్ని విస్తారంగా చెప్పినా, అక్కడ విషయం ఆలయం, బింబం. అక్కడ కూడా సేవకు తగని దానిని తొలగించి కొత్తదానిని ప్రతిష్ఠించడం ఒక ముఖ్యమైన మార్గం.

ఈ దృష్టిని తప్పుపట్టవలసిన పని లేదు. కట్టే గుడ్డ విషయంలో అది సరియైన మాట. అయితే తాళపత్రం శిథిలమైతే ప్రతి వ్రాసుకొని పాతదానిని నీటిలో విడవడం కూడా ఒకప్పటి ఆచారమే. మూలప్రతికి విలువ ఉన్నదని, ప్రతిలో దిగని విషయం మూలంలో ఉంటుందని గ్రహించిన తరువాత ప్రాచ్యలిఖిత భాండాగారాలు ఏర్పడ్డాయి. తాటాకు విషయంలో వచ్చిన ఆ మార్పు పటం విషయంలో ఇంకా పూర్తిగా రాలేదు. నేటికీ పాత వెంకటగిరి చీరలను అంచు వెండి కోసం వీధిలో తిరిగే జరీ వర్తకులు కొంటారు. గుడ్డను కాల్చి వెండి తీస్తారు. ఆ మంటలో వెండి మిగులుతుంది, నేత పోతుంది.

నెల్లూరు తీరానికి వస్త్రచరిత్రలో ఉన్న స్థానాన్ని ఇక్కడ సంగ్రహంగా చెబితే చాలు. తీరపు దక్షిణకొసన ప్రళయకావేరి సరస్సు, దాని అంచున పులికాటు ఉన్నాయి. డచ్చివారు 1610లో పులికాటులో స్థిరపడి, 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. ఇంగ్లీషువారు 1626లో దానికి ఉత్తరాన దుర్గరాజపట్నంలో వర్తకస్థానం నెలకొల్పారు. వారి కాగితాలలో అది ఆర్మగాన్. 1639లో చెన్నపట్నపు నేలను సంపాదించిన ఫ్రాన్సిస్ డే ఆ ఆర్మగాన్ అధికారియే. వారిని ఈ ఇసుకతీరానికి రప్పించిన సరకులలో ముఖ్యమైనది రంగులు వేసిన నూలుగుడ్డ. లోపలి భాగాన వెలుగోటివారి సంస్థానమైన వెంకటగిరిలో సన్ననూలు, జరీ నేత పెంపొందింది. తిరుపతి కొండల వైపు నుండి వచ్చే స్వర్ణముఖి శ్రీకాళహస్తిని ఒరసికొని, నాయుడుపేట మీదుగా సాగి, పూర్వపు నెల్లూరు జిల్లా తీరంలోనే సముద్రంలో కలుస్తుంది. కాళహస్తి చిత్రకారులు తమ గుడ్డలను జాడించుకొన్నది ఆ ఏటి పారునీటిలోనే. అందుచేత నది పైభాగపు పటాలను, తీరపు పటాలను ఒకే నీటికి చెందిన సంప్రదాయంగా తీసుకోవడంలో దోషం లేదు.

కలంకారీ అన్న పార్శీ పేరు నేడు స్థిరపడింది కాని, కాళహస్తిలో కలంతో చేసే పనికి 'వ్రాతపని' అని పేరు. అచ్చుతో చేసేది అద్దకం. ఈ వ్రాత అన్న మాటను తేలికగా తీసుకోరాదు. వెదురుపుల్లను చెక్కి, మొనకు పైన గుడ్డను చుట్టి, ఆ గుడ్డ పీల్చుకొన్న నల్లని ద్రవంతో చిత్రకారుడు ముందు రేఖ వ్రాస్తాడు. బొమ్మ పక్కన, అడ్డపట్టీలలో, తెలుగు అక్షరాలు కూడా అదే కలంతో, అదే నలుపుతో వ్రాస్తాడు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న 19వ శతాబ్దపు కాళహస్తి రామాయణపటం వంటివాటిలో బొమ్మలతో పాటు తెలుగు వ్రాతలు నడుస్తాయి. చిత్రకళా విద్యార్థికి అది తెర, తెలుగు విద్యార్థికి అది లిఖితప్రతి.

ఆ ప్రతి ఎలా తయారయిందో తెలియకపోతే ఎలా పాడవుతుందో తెలియదు. కోరాగుడ్డను ముందుగా ఉడికించి, పేడనీటిలో నానబెట్టి, ఎండలో తడుపుతూ తెల్లబరుస్తారు. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు నలుపు పట్టడానికి, పాలలోని కొవ్వు ద్రవం చెదరకుండా రేఖ నిలవడానికి. నలుపును 'కసింకారం' అంటారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లం, తాటిబెల్లం కలిపిన నీటిలో కొన్నివారాలు పులియబెట్టి వడపోస్తారు. ఆ ద్రవం లేత ఛాయతో ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసినచోట పటిక ద్రవం వ్రాసి, తరువాత చిరివేరుతో కాచిన నీటిలో ఉడికిస్తారు. చిరివేరు ఈ తీరపు ఇసుకనేలల మొక్క. విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువరింపనారంభించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం మొదటిభాగంలోనే దీనికి చోటిచ్చాడు. నీలికి మైనం కప్పి తొట్టిలో ముంచడమో, కలంతో పూయడమో చేస్తారు. పసుపురంగు చివర వస్తుంది. నీలిపై పసుపు పూస్తే ఆకుపచ్చ.

ఈ క్రమాన్ని తొలిసారిగా వివరంగా వ్రాసిపెట్టినవారిలో ఒకడు ప్రాచ్యవిద్యార్థులకు వేరొక కారణం చేత పరిచితుడు. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో గల చుట్టరికాన్ని 1767లో పారిస్‌లోని విద్వత్సభకు వ్రాసి పంపిన కేర్డూ పాదరీయే 1742లో కోరమాండల్ రంగుగుడ్డల తయారీపై సుదీర్ఘలేఖ వ్రాశాడు. అంతకు ముందు 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో ప్రతిదశకు ఒక గుడ్డముక్కను కత్తిరించి వ్రాతతో పాటు పంపాడు. ఆ ముక్కలు పారిస్‌లో నేటికీ ఉన్నాయి. మాటతో పాటు వస్తువును కూడా దాచిన ఆ దూరదృష్టి మెచ్చుకోదగినది.

ఇక అసలు విషయం. పాత వ్రాతపని పటాలను పరిశీలించినవారికి ఒక విచిత్రం కనిపిస్తుంది. ఎర్రని ప్రదేశం గట్టిగా ఉంటుంది. నీలం గట్టిగా ఉంటుంది. రంగులేని తెల్లనేల కూడా వేలికి మెత్తగా, బలంగా తగులుతుంది. నల్లని రేఖ మాత్రం పొడిపొడిగా రాలిపోయి, రేఖ ఉన్నచోట రేఖ ఆకారంలో చీలిక మిగులుతుంది. బొమ్మకు కనుబొమ, కనుపాప, వేలిగోటి అంచు ముందు పోతాయి. అక్షరాలు ముందు పోతాయి. గుడ్డను తిన్నది పురుగు కాదు, చెమ్మ ఒక్కటే కాదు, నలుపే. అందులోని ఇనుము గాలిలోని ప్రాణవాయువు నూలుపోగును తినివేసే చర్యకు ప్రేరకంగా పనిచేస్తుంది. పులిసిన ద్రవంలోని ఆమ్లం, కరక్కాయ వగరులోని ఆమ్లం పోగును తునకలు చేస్తాయి. చెమ్మ ఎక్కువైనకొద్దీ ఈ రెండు పనులూ వేగిరపడతాయి. ఐరోపావారి పాత కాగితాలలో మాచికాయ, అన్నభేది కలిపి చేసిన సిరా అక్షరం వెంట కాగితాన్ని తొలిచివేసినది ఈ కారణం చేతనే. తాళపత్రంపై గంటంతో గీసి మసి పూసిన అక్షరానికి ఈ జబ్బు లేదు. మసి బొగ్గు మాత్రమే, ఆకుకు ఏ హానీ చేయదు. తాళపత్రానికి శత్రువులు బయటివారు. వ్రాతపని పటానికి శత్రువు పుట్టుకతోనే వచ్చింది.

కాబట్టి తెలుగు లిఖితసామగ్రిలో అన్నిటికంటె ముందుగా నశించే అక్షరం పటంమీది అక్షరం. దాని చుట్టూ బొమ్మ చక్కగానే ఉండటం చేత ఈ నష్టం తొందరగా కంటబడదు.

ఇక్కడ రఫ్పు ఎంత అపాయకరమో చూడవచ్చు. నల్లరేఖ చీలింది కదా అని నేర్పరియైన రఫ్పుకారుడు కొత్తనూలుతో చీలికను అల్లుతాడు. అల్లిక నిలవడానికి చుట్టుపక్కల గట్టిగా ఉన్న చోటువరకు దారాన్ని తీసుకుపోతాడు. పాతపోగుకంటె కొత్తదారం బలమైనది. చెమ్మకు బిగుస్తూ, ఎండకు వదులవుతూ ఉన్నప్పుడు ఒత్తిడి అంతా దాని అంచున పడి, కొన్నేళ్ళకు అల్లిక చుట్టూ కొత్త చీలిక వస్తుంది. పాతగుడ్డకు కొత్త మాసిక వేస్తే మాసిక ఉండి గుడ్డ పోతుందని ఇల్లాండ్రందరికీ తెలిసిన సంగతియే ఇది. అంతకు మించిన హాని ఇంకొకటి ఉన్నది. అల్లిన చోట నల్లదారంతోనో, సిరాతోనో అక్షరాన్ని పూరిస్తాడు.

ఒక ఉదాహరణను ఊహించి చూడవచ్చు. రామాయణపటంలో కిరీటం ధరించిన వానరుని పక్కన 'సు' అన్న అక్షరం, రెండక్షరాల చీలిక, చివర 'డు' ఉన్నాయనుకుందాం. పూరించేవానికి వెంటనే తోచేది సుగ్రీవుడు. కాని సుషేణుడు కూడా నాలుగక్షరాలే. తారకు తండ్రి, వానరవైద్యుడు, యుద్ధకాండలో ప్రముఖుడు. దృశ్యం ఓషధి పర్వతానికి సంబంధించినదైతే రెండవ పేరే యుక్తం. సుగ్రీవుడని దిట్టంగా పూరించిన తరువాత వచ్చిన పరిశోధకుడు దృశ్యాన్నే మరొక ఘట్టంగా గుర్తిస్తాడు. అతని వ్యాసాన్ని చూసి ఇంకొకరు. గ్రంథపరిష్కరణలో ఇటువంటి పనిని ఏ పండితుడూ సహించడు. లుప్తాక్షరాలను పరిష్కర్త కుండలీకరణాలలో చూపుతాడు, లేదా చుక్కలు పెట్టి వదులుతాడు. తన ఊహను అధోజ్ఞాపికలో వ్రాస్తాడు. మూలప్రతిమీద కలం పెట్టడు. పటానికీ అదే న్యాయం. అక్షరం వ్రాసుకొన్న కాగితంమీద పూరణకు ఎంతైనా చోటున్నది, గుడ్డమీద లేదు.

అక్షరరూపాల విషయం కూడా దీనికి తోడు. పాతవ్రాతలో రేఫను అక్షరం తరువాత వలపలగిలకగా వ్రాయడం, ఒత్తుల తేడాలు, ఉచ్చారణకు దగ్గరగా పేర్లను వ్రాయడం చిత్రకారుని కాలానికి, చదువుకు, ఊరికి సాక్ష్యాలు. నేటి చేయి పూరిస్తే నేటి వర్ణక్రమం వస్తుంది.

రంగుల విషయంలో ఇదే సూత్రం. అనేక పాతపటాలలో ఆకులు నీలంగా ఉంటాయి. చిత్రకారుడు నీలపు ఆకులను భావించలేదు. నీలిమీద పూసిన పసుపు వెలుతురుకు ఆగక వెలిసిపోయింది, కిందినీలి నిలిచింది. పచ్చదనం పోయిందని దానిమీద రంగు పూయడం లేఖకుని దోషాన్ని దిద్దుతున్నానని మూలాన్ని చెరపడమే. అంచు మడతలో, వెలుతురు సోకని కుట్టు లోపల, పసుపు ఒక్కొక్కప్పుడు కొంత మిగిలి ఉంటుంది. అటువంటి చోటును విప్పి కొత్తగా కుట్టడమంటే సాక్షిని పోగొట్టుకోవడమే. పాత మాసికలను కూడా తొందరపడి విప్పరాదు. మాసికగా వేసిన ముక్క ఒక్కొక్కప్పుడు అదే చిత్రకారుని వేరొక పటానిదై ఉంటుంది. పటం ఏ కాలంలో, ఎక్కడ వ్రేలాడి, ఎక్కడ అరిగిందో ఆ కుట్టు చెబుతుంది. గుడ్డను లాగి హాని చేస్తున్న మాసికను మాత్రం, చిత్రం తీసి, స్థానం గుర్తించిన తరువాత తీయవలసి ఉంటుంది.

పూరణ వద్దంటే ఏమి చేయాలి? స్థిరీకరణ. ఉన్నది ఉన్నచోట నిలవాలి, అంతకుమించి కాదు. ఐరోపాలో ఈ భావం ఒక్కరోజున పుట్టినది కాదు. స్వీడన్‌లో ఆగ్నెస్ బ్రాంటింగ్ 1908లో చర్చి వస్త్రాలను బాగుచేయడానికి పియెటాస్ అనే సంస్థను స్థాపించింది. ఇంగ్లండులో కారెన్ ఫించ్ 1975లో హాంప్టన్ కోర్టులో వస్త్రపరిరక్షణ శిక్షణకేంద్రాన్ని నెలకొల్పింది. భారతదేశంలో లక్నోలోని జాతీయ పరిరక్షణ పరిశోధనశాల 1976లో ఏర్పడింది. అహమ్మదాబాదులోని కాలికో మ్యూజియం 1949 నాటిది. పద్ధతులలో భేదాలున్నా, చేసినపని రేపు విప్పడానికి వీలుగా ఉండాలన్న విషయంలో భేదం లేదు.

పద్ధతి ఇది. ముందుగా పటాన్ని బల్లపై పరచి, చిత్రాలు తీసి, చీలికలను పలకపై గీసుకోవాలి. ధూళిని తడితో కాక మెత్తని కుంచెతో, సన్నని వల అడ్డుపెట్టి బలహీనమైన పీల్పుయంత్రంతో తీయాలి. ఉతకడం అన్నిటికంటె చివరి నిర్ణయం, ఎందుకంటే అది మాత్రం విప్పడానికి వీలులేని పని. ప్రతిరంగుపైనా తడిసిన తెల్లని అద్దుడుకాగితాన్ని ఒత్తి, రంగు దిగుతున్నదో లేదో చూడాలి. నీరు ఆమ్లాన్ని కొంత కడిగివేస్తుంది, మడతలను సడలిస్తుంది. ఆ మేలు నిజమే. కాని కరిగిన ఇనుము నీటితోపాటు నడిచి తెల్లనేలలోకి పాకుతుంది. ఇన్నాళ్ళూ రేఖకే పరిమితమైన జబ్బు గుడ్డంతటికీ అంటుకొంటుంది. ఐరోపా సిరా కాగితాలకు 1990లలో నెదర్లాండ్స్‌లో రూపొందించిన కాల్షియం ఫైటేట్ స్నానం ఇనుమును కట్టిపడవేస్తుంది. దానిని మన పటానికి యథాతథంగా తీసుకోవడం తొందరపాటు; ఆ లవణం పటికలోని అల్యూమినియాన్ని కూడా పట్టుకోగలదు. చిరివేరు ఎరుపు నిలిచి ఉన్నదే ఆ పటిక మీద.

ఆధారం ఇవ్వడం ప్రధానక్రియ. గంజి పూర్తిగా పోయేటట్లు ఉడికించి ఉతికిన నూలుగుడ్డను, పటం నేల రంగుకు దగ్గరగా అద్దకం వేసి, పటంకంటె కొంచెం పెద్దదిగా తీసుకొని, పడుగుకు పడుగు, పేకకు పేక సరిపెట్టి అడుగున పరుస్తారు. చీలిక అంచులను దగ్గరకు జరిపి ఉన్నచోటనే ఉంచుతారు, లాగి కలపరు. చీలికకు అడ్డంగా సన్నని దారాన్ని పొడుగుగా పరచి, ఆ దారాన్ని అక్కడక్కడ చిన్న అడ్డకుట్లతో అడుగుగుడ్డకు పట్టిస్తారు. సూది పోగును గుచ్చరాదు, పోగుకు పోగుకు నడుమ దిగాలి. దారం బిగించరాదు. కుట్టేదారం పటంకంటె బలహీనమైనదై ఉండాలి. ఎన్నడైనా లాగుడు వస్తే దారం తెగాలి, పటం తెగరాదు. ఇంటికుట్టులో నేర్పుకు గుర్తు బిగువు. ఇక్కడ నేర్పుకు గుర్తు వదులు. అక్షరాలు పొడిగా రాలుతున్న చోట సూదిని దించడమే అపాయం కనుక, సాలెగూడు వంటి పల్చని పట్టుజాలిని పైన కప్పి, జాలిని గట్టినేలలో మాత్రమే కుడతారు. జాలిలోనుండి అక్షరం కొంచెం మసకగా కనబడుతుంది. ఆ మసకకు కొందరు ఒప్పుకోరు. కాని రాలిన అక్షరాన్ని చీపురు చదువుతుంది, మనం చదవము.

నెల్లూరు తీరపు గాలి ఈ పని అంతటికీ పరీక్ష. ఈశాన్య ఋతుపవనంలో, అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఇక్కడ వానలు హెచ్చు. గాలిలో తేమ నూటికి 65–70 పాళ్ళు దాటి నిలిస్తే బూజు పడుతుంది. గాలి తెచ్చే ఉప్పు చెమ్మను పట్టి ఉంచుతుంది. గుడ్డకు గంజి ఉంటే రామబాణపు పురుగుకు అదే ఆహారం. దాచేముందు గంజి పెట్టి ఇస్త్రీ చేయించడం చాలా ఇళ్ళలో పెద్దరికంగా భావిస్తారు. పాతగుడ్డకు దానిని మించిన అపకారం తక్కువ. చాకిరేవు బండ గురించి చెప్పనవసరమే లేదు. వేపాకు, వసకొమ్ము పురుగును కొంత దూరం ఉంచుతాయి, గుడ్డను తాకకుండా మూటలో ఉంచితే హాని లేదు. కలరాఉండలు గుడ్డకంటె ముందు మనిషికి చెడుపు. కుంకుడురసాన్ని భారతీయ పరిరక్షకులు కూడా వాడినదే. కాని వడపోసి, పలుచన చేసి, మిగలకుండా జాడించినప్పుడు మాత్రమే. దీపపు వెలుతురు 50 లక్స్‌కు మించకుండా, గుండ్రని గొట్టానికి ఆమ్లరహిత కాగితం చుట్టి, బొమ్మ బయటికి ఉండేటట్లు పటాన్ని చుట్టడం, పైన ఉతికిన మల్లుగుడ్డ కప్పడం. ఇంతే నిలవ పద్ధతి.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానులోను, 2015 నవంబరు వరదలలోను ఈ ప్రాంతపు ఇళ్ళలో పెట్టెలకు పెట్టెలు తడిశాయి. తడిసిన పాతగుడ్డను పిండరాదు, తీగమీద వేయరాదు. తడిబరువుకే అది చిరుగుతుంది. వలపై ఎత్తి, నీడలో, గాలి పోసుకొనేటట్లు పరవాలి. అంటుకొన్న మడతలను పొడిగా ఉన్నప్పుడు విప్పరాదు.

వెంకటగిరి చీరల సంగతి వేరు, సంగ్రహంగా చెప్పదగినది. అక్కడ నలుపుజబ్బు లేదు. పల్చని నూలునేలకు బరువైన జరీ అంచు ఉండటమే చిక్కు. కొయ్యకు తగిలిస్తే అంచు బరువుకు నేల చిరుగుతుంది. ఏళ్ళతరబడి ఒకే మడతలో ఉంచితే మడత వెంట జరీతీగ విరిగి, ఆ మొన పక్కపోగును కోస్తుంది. అందుచేత చుట్టి ఉంచడం మేలు. మడవక తప్పనప్పుడు మడతలో మెత్తని గుడ్డచుట్టను పెట్టి, మడతలు మార్చాలి. నల్లబడిన జరీని చింతపండుతో తోమితే వెండితో పాటు ములామా కూడా పోతుంది. ముత్తవ్వ చీరను మనుమరాలు పెళ్ళికి కట్టుకొంటానంటే అది వేరే న్యాయం: అక్కడ రఫ్పుకే అధికారం. కట్టే గుడ్డగా ఉంచాలా, సాక్ష్యంగా ఉంచాలా అన్నది ఇంటివారు ముందు తేల్చుకోవలసిన సంగతి; రెండూ ఒకే గుడ్డతో సాగవు.

పటాల అక్షరాలకు తిరిగి వస్తే, ప్రాచ్యకళాశాలలు చేయగల పని కుట్టుపని కాదు, ప్రతి వ్రాయడం. తాళపత్ర సూచికలు తయారుచేసిన నేర్పు ఉపాధ్యాయులకు ఉన్నది. ఆలయాలలో, మఠాలలో, ఇళ్ళలో ఉన్న పటాలకు అటువంటి సూచిక కావాలి. ఉన్న అక్షరాన్ని ఉన్నట్లు, సగం ఉన్నదానిని సగంగా, పోయినదానిని చుక్కలుగా వ్రాయాలి. వెలుతురును పక్కనుండి వాల్చి చూస్తే, రంగు వెలిసిన చోట కూడా కలంరేఖ పడిన పోగులు కుంగి కనబడతాయి. చీలిక వెనుక పాత అడుగుగుడ్డ ఉన్నట్లయితే దానిమీద ఇనుపమరక అక్షరం ఛాయగా దిగి ఉండవచ్చును. అడుగుగుడ్డను మార్చేముందు దానిని కూడా చదవాలి. పరారుణ కిరణాలతో తీసిన చిత్రం మరొక సహాయం చేస్తుంది. ఆ చిత్రంలో కసింకారపు నలుపు వెలవెలబోతుంది, మసితో చేసిన నలుపు నల్లగానే నిలుస్తుంది. ఒకే పంక్తిలో కొన్ని అక్షరాలు వెలిసి, కొన్ని నల్లగా మిగిలితే, మిగిలినవి తరువాతి కాలంలో మసిసిరాతో పూరించినవని తెలుస్తుంది. సూచికలో వాటిని వేరుగా, రెండవ చేతివిగా నమోదు చేయాలి.